నిశ్శబ్ద వసంతం – రేచల్ కార్సన్

వసంతం వచ్చిందనగానే మనకు మామిడి చివురు, కోకిల స్వరం స్ఫురిస్తాయి. ఉత్తర అమెరికా వాసులకు ఆ కబురు తెచ్చేది రాబిన్ అనే ఎర్రరొమ్ము పక్షి. మంచు కరిగి నేల మెత్తబడగానే అది పచ్చికబయళ్ళ మీద దిగి వానపాములను ఏరుకు తింటుంది. తెల్లవారకముందే పాట అందుకుంటుంది. 1950ల దశకం మధ్యభాగంలో అమెరికాలోని కొన్ని ఊళ్ళలో ఆ పాట వినబడటం మానింది. వలస నుండి తిరిగివచ్చిన పక్షులు చెట్లకింద వణుకుతూ పడి ప్రాణాలు విడిచాయి. ఎందుకిలా జరుగుతున్నదని విడివిడిగా ప్రశ్నించినవారు చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్నలన్నింటినీ ఒకచోట చేర్చి, నాలుగేళ్ళపాటు సాక్ష్యాధారాలను కూడబెట్టి, సామాన్యులకు సైతం అర్థమయ్యే భాషలో సమాధానం చెప్పినది రేచల్ కార్సన్ అనే జీవశాస్త్రవేత్త.

రేచల్ లూయీ కార్సన్ 1907 మే 27వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి రాబర్ట్ కార్సన్. తల్లి మరియా వివాహానికి పూర్వం ఉపాధ్యాయిని. ముగ్గురు సంతానంలో రేచల్ కడసారిది. వారికి 65 ఎకరాల పొలమూ తోటా ఉండేవి గాని, సంపద ఉండేది కాదు. తల్లి తన చిన్నకూతురిని వెంటబెట్టుకొని తోటలోను, అడవి అంచుల్లోను తిరుగుతూ పక్షుల పేర్లు, పురుగుల నడతలు, పూలు పూసే కాలాలు చెప్పేది. ఇంట్లోకి వచ్చిన పురుగును చంపక, పట్టుకొని బయట వదలిపెట్టే స్వభావం ఆమెది. చదవడం, రాయడం కూడా రేచల్‌కు తల్లి పెట్టిన భిక్షే. పదకొండేళ్ళ వయసులోనే, 1918లో, ఆమె రాసిన కథ ఒకటి సెయింట్ నికొలస్ అనే బాలల పత్రికలో అచ్చయింది. అప్పటినుండి రచయిత్రి కావాలన్నదే ఆ బాలిక కోరిక.

ఆ కోరికతోనే ఆమె పిట్స్‌బర్గ్ నగరంలోని పెన్సిల్వేనియా మహిళా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదవడానికి చేరింది. ఆమె చదువులకోసం తల్లిదండ్రులు భూమిలో కొంత భాగాన్ని అమ్మకానికి పెట్టవలసివచ్చింది. అక్కడ మేరీ స్కాట్ స్కింకర్ అనే అధ్యాపకురాలి జీవశాస్త్ర పాఠాలు ఆమె దారిని మార్చాయి. 1928లో రేచల్ సాహిత్యం వదలి జీవశాస్త్రం ప్రధానాంశంగా తీసుకున్నది. విజ్ఞానశాస్త్రంలో స్త్రీలకు ఉద్యోగాలు దొరకని రోజులవి. చేతిలోని రచనాశక్తిని వృథా చేసుకుంటున్నదని పలువురు నొచ్చుకున్నారు. వృథా కాలేదు. సాహిత్యం ఆమెను వదలలేదు. కొంతకాలం మౌనంగా వెంట నడిచిందంతే.

1929లో పట్టభద్రురాలైన రేచల్, ఆ వేసవిలో మసాచుసెట్స్ తీరంలోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు వెళ్ళింది. పుట్టి పెరిగినది సముద్రానికి దూరమైన లోతట్టు నేల. సముద్రాన్ని గురించి ఎంతో చదివిన ఆమె దానిని కళ్ళారా చూసినది అప్పుడే. తరువాత జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి 1932లో మాస్టర్స్ పట్టా పొందింది. డాక్టరేటు కోసం పరిశోధన కొనసాగించాలనుకున్నది గాని, ఆర్థికమాంద్యం ఆ కుటుంబాన్ని కుంగదీసింది. 1934లో చదువు మానవలసివచ్చింది. 1935లో తండ్రి మరణించాడు. 1937లో అక్క మరియన్ మరణించగా, ఆమె ఇద్దరు కుమార్తెలను పెంచే భారం కూడా రేచల్ మీదనే పడింది. డాక్టరేటు లేదన్న ఈ లోటును పాతికేళ్ళ తరువాత ప్రత్యర్థులు ఎత్తి చూపారు. ఆ లోటు వెనుక ఉన్నది అసమర్థత కాదు, ఇంటి బరువు.

మత్స్యశాఖలో ఆమెకు మొదట దొరికిన పని సముద్రజీవుల మీద రేడియో ప్రసంగాలు రాయడం. 1936లో పోటీపరీక్షలో ప్రథమస్థానం పొంది అదే శాఖలో జలజీవ శాస్త్రవేత్తగా నియమితురాలైంది. శాఖ కోసం రాసిన ఒక వ్యాసాన్ని చూసిన పై అధికారి, ఇది ప్రభుత్వ కరపత్రానికి తగదనీ, ఏదైనా గొప్ప పత్రికకు పంపమనీ సలహా ఇచ్చాడు. 1937లో అది అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ప్రచురితమైంది. 1941 నవంబరులో వెలువడిన తొలి పుస్తకాన్ని, మరుసటి నెలలోనే అమెరికాను చుట్టుముట్టిన యుద్ధం మింగివేసింది. పదేళ్ళ తరువాత, 1951లో, వచ్చిన ‘ద సీ అరౌండ్ అజ్’ అనే సముద్ర గ్రంథం మాత్రం అసాధారణమైన ఆదరణ పొందింది. 86 వారాలు అత్యధికంగా అమ్ముడయ్యే పుస్తకాల పట్టికలో నిలిచింది. 1952లో దానికి జాతీయ గ్రంథ పురస్కారం లభించింది. ఆ ఏడే ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో చిన్న ఇల్లు కట్టుకొని, పూర్తికాలం రచనకు అంకితమైంది. అక్కడితో ఆగి ఉంటే కార్సన్ సముద్రాన్ని మధురంగా వర్ణించిన రచయిత్రిగానే మిగిలిపోయేది.

ఇక్కడ డీడీటీ సంగతి కొంత వివరంగా తెలుసుకోవాలి. ప్రయోగశాలలో 1874 లోనే తయారైన ఈ రసాయనానికి కీటకాలను చంపే శక్తి ఉన్నదని 1939లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పాల్ ముల్లర్ కనుగొన్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పేలవల్ల వ్యాపించే టైఫస్ జ్వరం ఇటలీలోని నేపుల్స్ నగరాన్ని పట్టి పీడించినప్పుడు, ప్రజల దుస్తులలో ఈ పొడిని చల్లి ఆ వ్యాధిని అరికట్టారు. ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలోనూ 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైనప్పుడు ఏటా సుమారు ఏడున్నర కోట్లమంది ఆ జ్వరం బారిన పడుతున్నారని అంచనా. ఇంటింటా గోడలకు డీడీటీ కొట్టిన ఫలితంగా 1965 నాటికి ఆ సంఖ్య సుమారు లక్షకు తగ్గింది. ఇంత మేలు చేసిన మందును ప్రజలు అద్భుతంగా భావించారంటే ఆశ్చర్యం లేదు.

చిక్కు వచ్చినది ఆ మందును యుద్ధానంతరం వాడిన తీరులో. జ్వరాన్ని ఆపడానికి గోడమీద చల్లే మందు వేరు. ఆకు తినే పురుగు కోసం విమానాల మీదినుండి లక్షలాది ఎకరాల అడవులమీద, పొలాలమీద, చెరువులమీద, ఇళ్ళమీద ఒకే తీరుగా కురిపించే మందు వేరు. డీడీటీ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నేలలో ఏళ్ళ తరబడి చెడకుండా ఉంటుంది. కనుక ఒకసారి ప్రాణి శరీరంలో ప్రవేశించినది తేలికగా బయటకు పోదు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న రోజుల్లోనే, 1945లో, మేరీలాండ్‌లో వన్యప్రాణులపై డీడీటీ ప్రభావాన్ని పరీక్షిస్తున్న సహోద్యోగుల నివేదికలు కార్సన్ కంటపడ్డాయి. ఆ విషయం మీద వ్యాసం రాస్తానని రీడర్స్ డైజెస్ట్ పత్రికకు ఆమె ప్రతిపాదించగా వారు అంగీకరించలేదు. ఆ ప్రశ్న పన్నెండేళ్ళు ఆమె మనసులోనే ఉండిపోయింది.

1957లో జిప్సీ మాత్ అనే ఆకుతినే పురుగును నిర్మూలించే పేరుతో న్యూయార్క్, పెన్సిల్వేనియా తదితర రాష్ట్రాలలో చమురులో కలిపిన డీడీటీని విమానాలతో విస్తారంగా పిచికారీ చేశారు. లాంగ్ ఐలండ్ వాసులు కొందరు తమ తోటలమీద మందు చల్లవద్దని న్యాయస్థానానికి వెళ్ళారు. 1958 జనవరిలో మసాచుసెట్స్ నుండి ఓల్గా హకిన్స్ అనే స్నేహితురాలి లేఖ కార్సన్‌కు అందింది. దోమల నివారణకు తమ ప్రాంతంపై విమానం మందు చల్లిన తరువాత తన తోటలోని పక్షులు ఎలా చనిపోయినదీ ఆమె ఆవేదనతో తెలిపింది. కార్సన్ మొదట ఈ పని తాను తలపెట్టాలనుకోలేదు. ఇ. బి. వైట్ అనే ప్రసిద్ధ రచయితను లాంగ్ ఐలండ్ వ్యాజ్యం గురించి రాయమని కోరింది. ఆయన ఆ పనికి ఆమెయే తగినదని సూచించాడు. అప్పటికి ఆమె మేనకోడలు మరణించడంతో, ఆ మేనకోడలి అయిదేళ్ళ కుమారుడు రోజర్‌ను దత్తత తీసుకొని పెంచుతున్నది. వృద్ధురాలైన తల్లి సంరక్షణ కూడా ఆమెదే. ఆ తల్లి అదే ఏడు డిసెంబరులో కన్నుమూసింది.

కార్సన్ పురుగుమందుల మీద స్వయంగా ప్రయోగశాలలో పరిశోధనలు చేయలేదు. వివిధ విశ్వవిద్యాలయాలలో, ప్రభుత్వ శాఖలలో ఎవరికి వారు ప్రచురించిన వందలాది పరిశోధనలను చదివి, ఆయా శాస్త్రవేత్తలకు లేఖలు రాసి, వివరాలు సరిచూసి, ఒకదానితో ఒకటి కలిపి చూడటం ఆమె చేసిన పని. పక్షిశాస్త్రజ్ఞునికి నేలలోని సంగతి పట్టదు. నేల శాస్త్రజ్ఞునికి పక్షి సంగతి పట్టదు. ఇద్దరి మధ్యనున్న దారిని ఆమె చూపింది. ఇది చిన్న పని అనుకొనేవారు మిచిగన్ రాబిన్‌ల కథను గమనించాలి.

మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆవరణలోని ఎల్మ్ చెట్లకు తెగులు సోకకుండా, ఆ తెగులును మోసే పురుగును చంపడానికి 1954 నుండి డీడీటీ చల్లారు. మందు తగిలి ఆ ఏడు పక్షులేమీ పెద్దగా చావలేదు. ఆకురాలు కాలంలో మందు అంటిన ఆకులు నేలరాలాయి. వానపాములు ఆ ఆకులను తిన్నాయి. కొన్ని చచ్చాయి, మిగిలినవి విషాన్ని తమ శరీరంలో మోస్తూ చలికాలం గడిపాయి. మరుసటి వసంతంలో వలస నుండి వచ్చిన రాబిన్‌లు ఆ వానపాములను తిన్నాయి. పదకొండు పెద్ద వానపాములలోని విషం ఒక రాబిన్‌ను చంపడానికి చాలునని ఇల్లినాయ్ పరిశోధనలో తేలింది. ఆకలిగొన్న పక్షికి పదకొండు వానపాములు కొద్ది నిమిషాల ఆహారం. మందు చల్లినవాడు పక్షిని చూడలేదు, పక్షి మందును చూడలేదు; నడుమ ఒక ఆకు, ఒక వానపాము ఉన్నాయి.

కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అనే సరస్సు కథ ఇంకొక మెట్టు పైకి వెళుతుంది. దోమను పోలి ఉండి, మనుషులను కుట్టని ఒక చిన్న ఈగ జాలరులకు చికాకు కలిగిస్తున్నదని, 1949లోను, తిరిగి 1954, 1957లలోను డీడీటీకి దగ్గరి బంధువైన డీడీడీని ఆ నీటిలో కలిపారు. అయిదు కోట్ల పాళ్ళ నీటికి ఒక పాలుకు మించని మందు. హాని చేయలేనంత స్వల్పమని అందరూ నమ్మారు. తరువాత మన బుడుబుంగల జాతికి చెందిన గ్రీబ్ పక్షులు సరస్సు మీద చచ్చి తేలాయి. వాటి కొవ్వును పరీక్షించగా పది లక్షల పాళ్ళకు 1,600 పాళ్ళ మందు కనిపించింది; అంటే నీటిలో కలిపినదానికి ఎనభైవేల రెట్లు. నీటిలోని సూక్ష్మ ప్లవకాలు మందును కూడబెట్టుకున్నాయి. వాటిని తిన్న చిన్న చేపలు మరింత కూడబెట్టాయి. చేపలను తిన్న పక్షి అందరి కూడికనూ తన ఒంటిలో నింపుకున్నది. వెయ్యికి పైగా ఉండిన గ్రీబ్ జంటలు 1960 నాటికి ముప్ఫైకి పడిపోయాయి. ఆహారపు గొలుసు అనే మాట ఈనాడు పాఠశాల విద్యార్థులందరికీ పరిచితమే. ఆ గొలుసు వెంట విషం కూడా పైకి ఎక్కుతుందని సామాన్య పాఠకునికి మొదట విప్పి చెప్పిన పుస్తకాలలో కార్సన్ గ్రంథం ముఖ్యమైనది.

తేనెటీగల విషయం ఆమె ప్రత్యేకంగా పట్టించుకున్నది. పురుగుమందు మంచి పురుగును, చెడ్డ పురుగును వేరుచేసి చూడలేదు. పంట మీద చల్లిన మందు తేనె కోసం వచ్చిన ఈగ ఒంటికి అంటుతుంది. పారాథియాన్ వంటి మందు తగిలిన తేనెటీగలు ఉన్మాదంతో రెచ్చిపోయి, ఒళ్ళు తుడుచుకుంటూ అరగంటలో మరణావస్థకు చేరుతాయని ఆమె వివరించింది. దక్షిణ రాష్ట్రాల ప్రత్తిచేలలో ఆర్సెనిక్ మందుల వాడకం వల్ల తేనెటీగల పెంపకమే దాదాపు అంతరించిన సంగతిని, 1957 పిచికారీలో న్యూయార్క్ పెంపకందారులు వందలాది పెట్టెల ఈగలను పోగొట్టుకున్న సంగతిని గుర్తుచేసింది. దారిపక్కన కలుపుమొక్కలని పూలమొక్కలను మందుతో మాడ్చివేస్తే, పంటలు పూయని కాలంలో తేనెటీగ ఏమి తిని బ్రతుకుతుంది? తేనెటీగ లేకపోతే పండ్లతోటలో పిందె ఎలా నిలుస్తుంది? ఈ ప్రశ్నలను ఆమె రైతు లాభనష్టాల దృష్టితోనే అడిగింది.

పుస్తకం సగంలో ఉండగా 1960 వసంతంలో కార్సన్‌కు రొమ్ములోని కంతిని తొలగించే శస్త్రచికిత్స జరిగింది. అది క్యాన్సర్ అని వైద్యుడు ఆమెకు స్పష్టంగా చెప్పలేదు. ఆడవారికి అటువంటి సంగతులు చెప్పని కాలమది. ఆ డిసెంబరులో వ్యాధి వ్యాపించిందని వేరొక వైద్యుని ద్వారా తెలుసుకున్నది. రేడియేషన్ చికిత్స, కీళ్ళనొప్పులు, కొంతకాలం అక్షరాలు కనబడనీయని కంటిజబ్బు, వీటన్నింటి మధ్య రచన సాగింది. తన వ్యాధిని అతి కొద్దిమంది ఆప్తులకు తప్ప ఎవరికీ తెలియనీయలేదు. తెలిస్తే, క్యాన్సర్ రోగి కనుకనే రసాయనాలమీద పగబట్టి రాసిందని అంటారని ఆమెకు తెలుసు. వాదం సాక్ష్యాల మీదనే నిలవాలన్నది ఆమె పట్టుదల.

1962 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో మూడు భాగాలుగాను, సెప్టెంబరు 27న పుస్తకరూపంలోను ‘సైలెంట్ స్ప్రింగ్’ వెలువడింది. నిశ్శబ్ద వసంతమని దానికి అర్థం. మొదట పక్షుల అధ్యాయానికి మాత్రమే అనుకున్న పేరు అది. చివర యాభైకి పైగా పుటలలో ఆధారాల పట్టిక ఉన్నది. రసాయన పరిశ్రమ తీవ్రంగా ఎదురుదాడి చేసింది. వ్యాజ్యం వేస్తామని ఒక సంస్థ ప్రచురణకర్తలను బెదిరించింది. ఆమె మాట వింటే లోకం తిరిగి పురుగులకూ రోగాలకూ వశమవుతుందని ప్రచారం జరిగింది. శాస్త్రజ్ఞురాలే కాదన్నారు, భావోద్రేకంతో రాసిందన్నారు, పెళ్ళికాని ఈమెకు రాబోయే తరాల చింత ఎందుకని హేళన చేసినవారూ ఉన్నారు. నిజానికి కార్సన్ పురుగుమందులను పూర్తిగా మానమని ఎక్కడా కోరలేదు. ఏమి జరుగుతుందో తెలియకుండా, పరీక్షించకుండా, ప్రజలకు చెప్పకుండా వాడవద్దన్నది. విచ్చలవిడిగా వాడితే పురుగులు మందుకు అలవాటుపడతాయనీ, అప్పుడు రోగనివారణకు ఆ మందే పనికిరాకుండా పోతుందనీ హెచ్చరించింది. 1970ల మధ్యలో మన దేశంలో మలేరియా తిరిగి విజృంభించి 1976లో 64 లక్షల కేసులు నమోదైనప్పుడు, దానికి గల కారణాలలో డీడీటీకి లొంగని దోమలు కూడా ఉన్నాయి.

మానవులలో క్యాన్సర్‌ను గురించి ఆమె చెప్పిన సంగతులన్నీ పక్షుల సంగతులంత గట్టిగా తరువాతి పరిశోధనలలో నిలువలేదన్నది కూడా న్యాయంగా చెప్పుకోవాలి. కాని ఆమె మూలవాదాన్ని పరిశీలించే భారం అధ్యక్షుడు కెనెడీ తన విజ్ఞాన సలహా సంఘానికి అప్పగించగా, ఆ సంఘం 1963 మే 15న ఇచ్చిన నివేదిక ఆమె వాదాన్ని బలపరిచింది. అంతకు ముందు నెలలోనే సీబీఎస్ టెలివిజన్ ఆమెతోను, ఆమె ప్రత్యర్థులతోను ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. అయిదుగురు ప్రకటనదారులలో ముగ్గురు ముందే తప్పుకున్నారు. ప్రత్యర్థి గొంతు పెంచి మాట్లాడగా, కార్సన్ నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తూచి చెప్పింది. చికిత్సవల్ల ఆమె ఎంత నీరసించి ఉన్నదో చూస్తున్నవారికి తెలియదు. జూన్ 4న సెనేటు ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పి, తన ఇంటిమీద ఇతరులు విషం చల్లకుండా రక్షణ పొందే హక్కు పౌరునికి ఉండాలని కోరింది. అప్పటికి నడవడమే ఆమెకు కష్టంగా ఉన్నది.

1964 ఏప్రిల్ 14న మేరీలాండ్‌లోని తన ఇంట్లో రేచల్ కార్సన్ కన్నుమూసింది. వయసు 56 ఏళ్ళు. ఆమె చితాభస్మంలో కొంత తల్లి సమాధి పక్కన ఉంచారు. మిగిలినది ఆమె కోరిక ప్రకారం మెయిన్ తీరంలో, ఆమె ఎంతగానో ప్రేమించిన సముద్రపు గాలిలో కలిపారు.

డీడీటీ ప్రభావంతో పక్షుల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోతున్నాయన్న సంగతి ఆమె మరణించిన తరువాత, 1967లో, బ్రిటన్‌లో జరిగిన పరిశోధనవల్ల బయటపడింది. 1970లో అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అక్కడి వ్యవసాయంలో డీడీటీని నిషేధించారు. రోగనివారణకు మినహాయింపు ఇచ్చారు. ఆ దేశపు జాతీయ చిహ్నమైన బట్టతల గద్ద 1963లో అలాస్కా వెలుపల 417 జంటలు మాత్రమే మిగిలి ఉండగా, 2007 నాటికి ప్రమాదస్థితి జాబితా నుండి తొలగించదగినంతగా వృద్ధిచెందింది. 1980లో కార్సన్‌కు మరణానంతరం అమెరికా అత్యున్నత పౌర పురస్కారం లభించింది. తేనెటీగలకు హాని చేస్తున్నాయని నియోనికోటినాయిడ్ జాతికి చెందిన మూడు మందులను 2018లో యూరోపియన్ యూనియన్ ఆరుబయట పంటలకు నిషేధించింది.

మన దేశంలో పంటలకు డీడీటీ వాడకాన్ని 1989లో ఆపివేశారు. మలేరియా నివారణకు అనుమతి ఆ తరువాత కూడా కొనసాగింది. కార్సన్ తన గ్రంథంలో క్లోరిన్ కలిసిన మందులన్నింటిలోకి విషపూరితమైనదిగా పేర్కొన్న ఎండ్రిన్ మన ప్రత్తిచేలకూ వచ్చింది. ఎంతగా అలవాటైనదంటే, తెలుగు పల్లెలలో ఏ పురుగుమందునైనా ఎండ్రిన్ అనే పిలిచేవారు. 1990లో దానిని నిషేధించారు. ఆ సీసాలు అంగళ్ళనుండి మాయమైన ఎన్నో ఏళ్ళ తరువాత కూడా ఆ పేరు పెద్దల నోట వినబడుతూనే ఉన్నది.